దొంగల కోసం చల్లిన మైలుతుత్తం

మీలో చాలామంది ద్రాక్షకో, బత్తాయికో, తమలపాకు తోటకో బోర్డో మిశ్రమం కొట్టే ఉంటారు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీళ్లు. ఇనుప కత్తి ముంచి చూస్తాం, ఎర్రగా పూత పడితే ఇంకాస్త సున్నం కలుపుతాం. బోర్డో అంటే మందు పేరు అనుకుంటాం గానీ, అది ఊరి పేరు. ఫ్రాన్సులో వైన్ ద్రాక్షకు పేరుమోసిన ప్రాంతం.

1860ల్లో అమెరికా నుంచి వచ్చిన వేరు పేను అక్కడి తోటల్ని ఎండబెట్టేసింది. దాన్ని తట్టుకునే అమెరికా తీగల వేళ్ల మీద తమ రకాల్ని అంటు కట్టడం మొదలుపెట్టారు. ఆ మొక్కలతో పాటే బూజు తెగులూ దిగింది. 1878లో ఫ్రాన్సులో కనపడింది. ఆకు అడుగున తెల్లటి బూజు, కాయ పండకముందే ఆకంతా రాలిపోవడం.

1882 అక్టోబరులో మిలార్డే అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు సెయింట్ జూలియన్‌లో ఒక వింత చూశాడు. తోట లోపల ఆకు రాలిపోయింది, దారి పక్క తీగలకు మాత్రం ఆకు నిలిచింది. ఎందుకంటే దారిన పోయేవాళ్లు గుత్తులు తెంపకుండా, విషం చల్లినట్టు కనపడాలని అక్కడివాళ్లు మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవాళ్లు! నథానియల్ జాన్‌స్టన్ తోటల్లో మేనేజరు ఎర్నెస్ట్ డేవిడ్‌తో కలిసి ఆయన ప్రయోగాలు చేసి 1885లో ఆ మందును లోకానికి చెప్పాడు.

ఇప్పటి సేంద్రియ రైతుకూ బూజుకు ముఖ్యమైన ఆయుధం అదే. సెయింట్ జూలియన్ పక్కనే పోయాక్‌లో పొంతే కానే అనే ఎస్టేటు ఉంది. 1975లో టెసెరాన్ కుటుంబం కొన్నది. సుమారు 200 ఎకరాలు. 2004లో రసాయనాలు మానడం మొదలుపెట్టారు. 2007లో బూజు విరుచుకుపడితే భయపడి రసాయన మందు కొట్టారు, సర్టిఫికెట్ కథ మళ్లీ మొదటికొచ్చింది. 2010కి గుర్తింపు దక్కింది. 2018లో మళ్లీ అదే తెగులు. ఈసారి రసాయనం ముట్టలేదు. పంటలో మూడింట రెండు వంతులు పోయింది.

మరి మైలుతుత్తమే ఎక్కువ కొట్టొచ్చు కదా అంటారేమో. అందులో ఉన్నది రాగి. అది నేలలో పేరుకుంటుందే తప్ప కరిగి మాయమవదు, వానపాములకు చేటు. అందుకే యూరప్‌లో 7 ఏళ్లకు హెక్టారుకు 28 కిలోల రాగి అని హద్దు పెట్టారు. మన లెక్కలో ఎకరాకు ఏడాదికి 6 కిలోల పైచిలుకు మైలుతుత్తం. ఎకరాకు 200 లీటర్లు కొడితే మూడుసార్లకే హద్దు దగ్గరపడుతుంది.

సేంద్రియం అన్నంత మాత్రాన లెక్క లేకుండా కొట్టే మందు ఏదీ లేదండి. మీరు ఏడాదికి ఎన్నిసార్లు కొడుతున్నారో ఒక పుస్తకంలో రాసుకోండి.