దయ్యము మాటాడు భాష

నవరసములలో భయానక మొకటి. భరతముని నాట్యశాస్త్రమున ఈ రసమునకు కారణములను చెప్పుచు వికృతధ్వనులు, భూతదర్శనము, నక్కల వలనను గుడ్లగూబల వలనను కలుగు బెదరు, శూన్యగృహము, అరణ్యము మున్నగువానిని పేర్కొనియున్నాడు. నేటి దయ్యపు చలనచిత్రములను చూచినవారికి ఈ పట్టిక క్రొత్తగా తోచదు. పాత మేడ, తాళము వేసిన గది, అటు పోవలదని హెచ్చరించు ముసలి నౌకరు, ఆ మాటను పెడచెవిని పెట్టు క్రొత్త కాపురస్థులు, నడిరేయి గజ్జెల చప్పుడు, గోడమీది పటము, తుదకు మాంత్రికుడో వైద్యుడో వచ్చి గుట్టు విప్పుట - ఇవి ఆ చిత్రముల కట్టుబాట్లు.

వీనితోపాటు మనబోటి వారు గమనింపదగిన కట్టుబాటు మరియొకటి కలదు. దయ్యము పరదేశమునుండి వచ్చును. దాని పలుకు వేరుగా నుండును. బ్రామ్ స్టోకరు 1897లో ప్రకటించిన 'డ్రాక్యులా' నవలలో రక్తపాయి యగు ప్రభువు ట్రాన్సిల్వేనియానుండి ఇంగ్లాండునకు వచ్చును. 1931లో హాలీవుడ్డున తీసిన చిత్రములో ఆ పాత్రను ధరించిన బెలా లుగోసీ హంగేరీ రాజ్యమున జన్మించినవాడు. అతని ఆంగ్లములోని పరాయి యాసయే ప్రేక్షకుల గుండెలు ఝల్లుమనిపించినది.

మన దేశమున ఈ కట్టుబాటు మిక్కిలి స్పష్టముగా కనబడునది ఒకే కథయందు. 1993లో ఫాజిల్ మలయాళమున 'మణిచిత్రతాళు' అను చిత్రము తీసెను. అందు గంగ అను ఇల్లాలు పాత భవనములోని మూసిన గదిని తెరచి, పూర్వ మచ్చట హతురాలైన తంజావూరు నర్తకి నాగవల్లి తానే యని భ్రమించి తమిళమున మాటాడును. అది దయ్యము కాదు, మనోవ్యాధి యని వైద్యుడు తేల్చును. గంగగా నటించిన శోభనకు జాతీయ పురస్కారము లభించినది. 2004లో పి. వాసు ఈ కథను కన్నడమున 'ఆప్తమిత్ర'గా తీయగా నాగవల్లి తెలుగు నర్తకి యైనది. తెలుగువారి అభిమాన నటి సౌందర్య ఆ చిత్రము విడుదల కాకమునుపే 2004 ఏప్రిల్ 17న విమాన ప్రమాదమున మరణించినది. 2005లో ఆయనయే తమిళమున తీసిన 'చంద్రముఖి'లో నర్తకిది విజయనగరము. ఆమె పాట తెలుగు. ఆ చిత్రము తెలుగునకు మారినప్పుడు ఆ పాట తమిళమైనది! 2007లో హిందీలో వచ్చిన 'భూల్ భులయ్యా'లో ఆమె వంగభాష మాటాడినది. ఎవరి దయ్యమునకైనను పొరుగువారి భాషయే యన్నమాట.

ఇది వినోదమే యైనను, పొరుగు రాష్ట్రములలో స్థిరపడిన మనకు ఇందొక చిక్కు కలదు. కర్ణాటకమున మేముండు వీధిలో తెలుగు మాటాడిన బాలికను తోడిపిల్లలు 'నాగవల్లి వచ్చినది' అని యేడిపించుట మేము వింటిమి. నాటినుండి ఆ పిల్ల వీధిలో తల్లి తెలుగున పిలిచినను కన్నడముననే బదులు చెప్పసాగినది. తల్లి దానిని నవ్వులాటగా తీసికొన్నది. మేము మాత్రము నవ్వలేకపోయితిమి.

పొరుగువారిపై అలుగుట దీనికి మందు కాదు. వారి భాషను మన చిత్రమును అట్లే వాడుకొన్నది. పిల్లలకు చెప్పవలసినది వేరు. చంద్రముఖి యెవరిని బాధించినది? రాజు ఆమెను బలిమిని తెచ్చి, ఆమె ప్రియుని చంపి, ఆమెను సజీవముగా దహించెను. కథలో క్రూరుడు రాజే గాని ఆ తెలుగు పడతి కాదు.

ఇక తమిళదేశమున తెలుగు పాడు నర్తకి వట్టి కల్పనయు కాదు. తంజావూరు నాయకరాజుల కొలువున తెలుగు యక్షగానములు పుట్టినవి. క్షేత్రయ్య పదములను ఆ దేశపు నర్తకులు తరతరములుగా అభినయించిరి. త్యాగరాజస్వామి కావేరీ తీరమున తిరువయ్యారులో నుండి తెలుగున కీర్తనలు రచించెను. మూసిన గదిలో వినబడు ఆ పలుకు ఒకనాడు నిండుసభలలో వినబడిన పలుకే.

కావున తల్లిదండ్రులు ఆ చిత్రమును పిల్లలతో కూడి చూచి, పాట వచ్చినప్పుడు దాని యర్థమును వారికి చెప్పుదురు గాక. తక్కినవారందరు బెదరి చూచు ఆ ఘట్టమున మాట యర్థమైనవాడు మన బిడ్డయే యగును. అర్థమైన మాటకు భయముండదు, సిగ్గును ఉండదు.