కోరంగి దాటిన రామయ్య

భద్రాద్రి రామయ్య అనగానే మనకు కంచెర్ల గోపన్నే గుర్తొస్తాడు. గోల్కొండ చెరసాల, తానీషా, ముత్యాల తలంబ్రాలు... మా ఖమ్మం వైపు పిల్లలకు ఇవి ఉగ్గుపాలతో పట్టిన కథలు. అయితే గోపన్నకు ముందే, అడవిపల్లెలో ఉండే పోకల దమ్మక్క అనే ఆవిడ ఆ కొండమీద స్వామికి తాటాకు పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టిందట. గోపురాలు తరవాత వచ్చాయి. ముందు నీడ ఇచ్చింది ఒక ఆడకూతురు.

ఆ కొండ పక్కగా పారే గోదారి కిందికి వెళ్లి పాయలవుతుంది. గౌతమీ పాయ సముద్రంలో కలిసే వైపున కోరంగి రేవు ఉండేది. 1839 తుఫాను ఆ రేవును ఊడ్చేసింది. పేరు మాత్రం ఓడలెక్కి పోయింది! 1834లో మొదలైన ఒప్పంద కూలీల వలసలో మారిషస్ దీవి చేరిన మనవాళ్లను అక్కడివాళ్లు ‘కోరంగీలు’ అన్నారు. బర్మాలోనూ అదే పిలుపు. విశాఖ వాళ్లయినా, శ్రీకాకుళం వాళ్లయినా అందరూ కోరంగీలే.

మరి ఊళ్లూ కులాలూ వేరయిన ఈ జనం ‘మనం’ అని ఎప్పుడు అనుకున్నారు? పగలంతా చెరకు తోటల్లో చాకిరీ. మూడోతరం వచ్చేసరికి ఇంట్లో మాట కూడా క్రియోల్ అయిపోయింది. మిగిలినవి సింహాద్రి అప్పన్న మొక్కు, అమ్మోరి పండుగ, దీపం చుట్టూ చేరి పాడే రామభజన. ఆ దీపం దగ్గర నీదే ఊరని అడిగేవాళ్లెవరు? పాట అందుకుంటే చాలు, మనవాడే.

అదేం చిత్రమో గాని, మారిషస్ జనాభా లెక్కల్లో మతం అన్నచోట ‘తెలుగు’ అని రాయించుకున్నవాళ్లున్నారు. మనకు నవ్వొస్తుంది. భాష మతమెలా అవుతుందండీ? కాస్త ఆలోచిస్తే నవ్వు ఆగిపోతుంది. నాలుక మీంచి జారిపోయిన తెలుగును వాళ్లు దేవుడి గదిలో దాచుకున్నారన్నమాట.

కానీ దేవుడి గదిలో పెట్టిన వస్తువును రోజూ వాడం కదా! పూజ మిగిలి మాట పోతే, మనవరాలు పాడే పాటకు అర్థం అవ్వకే తెలియదు. ఆ సంగతి వాళ్లు గ్రహించారు. అందుకే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు, పిల్లలకు బడుల్లో తెలుగు చెప్పించుకున్నారు. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగాయి.

భక్తి వాళ్లను ఒకచోట కూర్చోబెట్టింది. కూర్చున్నాక ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి భాషను మళ్లీ వెతుక్కోవలసి వచ్చింది. గోదారి ఒడ్డునే ఉండి, పిల్లలు తెలుగులో ఒక్క ఉత్తరం రాయలేకపోయినా ముచ్చటపడిపోయే మనం, సముద్రం అవతలి ఆ తల్లులను చూసి నేర్చుకోవలసింది చాలా ఉంది. శ్రీరామనవమి పందిట్లో పానకంతోపాటు పాట అర్థం కూడా పిల్లలకు అందిద్దాం. అదేమంత ఖర్చుతో కూడిన పనా చెప్పండి?