పనిముట్టు మీది రెండు పేర్లు

పాత పనిముట్లను గుర్తించడమంటే వాటిపై వున్న కంపెనీ పేరు చదవడమేనని చాలామంది భావిస్తారు. పేరున్న దానికి వెల కడతారు. పేరు లేనిదాన్ని పాత ఇనుములో పడవేస్తారు. ఇది అంగడివాని చూపు. చరిత్ర విద్యార్థికి ఈ చూపు చాలదు. మా మేనమామ లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో టర్నరు. ఆయన అనంతరం నాకు సంక్రమించిన పనిముట్ల పెట్టెను పరిశీలించిన మీదట నేను చేరుకున్న అభిప్రాయం ఇది.

ముందుగా కంపెనీ ముద్రల సంగతి చూద్దాం. పెట్టెలోని మైక్రోమీటరుపై షెఫీల్డు నగరపు మూర్ అండ్ రైట్ పేరున్నది. జారే మూలమట్టంపై అమెరికాలోని అథోల్‌కు చెందిన స్టారెట్ పేరున్నది. మొదటి సంస్థ 1906లో, రెండవది 1880లో ఏర్పడినవి. కనుక ఈ వస్తువులు అంతకు ముందువి కావు. పేటెంటు తేదీ వున్నా అది పై హద్దును చెప్పదు. వొకే తేదీని ఏళ్ళ తరబడి ముద్రిస్తూ వచ్చారు.

కొలతలు ఇంతకన్న ఎక్కువ చెబుతాయి. ఈ మైక్రోమీటరు మరకు అంగుళానికి 40 చుట్లు. తిరిగే గొట్టంపై 25 గీతలు. అంటే వొక్కొక్క గీత అంగుళంలో వెయ్యవ వంతు. మర గేజి ఆకులపై 55 డిగ్రీలని వున్నది. అది 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన బ్రిటిష్ మర. 1864లో విలియం సెల్లర్స్ ప్రతిపాదించిన అమెరికన్ మర 60 డిగ్రీలది. వలసపాలన మన దేశానికి బ్రిటిష్ ఇంజన్లను తెచ్చింది. వాటితో ఆ మరనూ, ఆ కొలతనూ మన కార్మికుని చేతికి ఇచ్చింది. మెట్రిక్ పద్ధతికి చట్టం 1956లో వచ్చింది. అయినా అంగుళాల లెక్కన తయారైన యంత్రం నడిచినంతకాలం అంగుళాల పనిముట్టు కావలసే వచ్చింది. కాబట్టి అంగుళపు గీతలు చూసి ఇది 1956కు ముందుదని తీర్పు చెప్పరాదు.

ఫ్రాన్సులో పామర్ మైక్రోమీటరుకు పేటెంటు పొందినది 1848లో. దాన్ని 1867 పారిస్ ప్రదర్శనలో చూసి బ్రౌన్, షార్ప్ అనే అమెరికన్లు తమ దేశంలో ప్రచారానికి తెచ్చారు. మార్క్స్ ‘పెట్టుబడి’ మొదటి సంపుటం వెలువడినదీ ఆ ఏడే. లేతుకు మాడ్‌స్లే అమర్చిన స్లైడ్ రెస్టు పనిముట్టును మాత్రమే గాక మనిషి చేతినే తొలగించిందని అందులో ఆయన చూపాడు. కోత పని యంత్రానికి పోయిన మాట నిజం. అయితే కొలిచే పని చాలాకాలం చేతిలోనే నిలిచింది. మైక్రోమీటరును ఎంత బిగువున తాకించాలో వేళ్ళు నేర్చుకోవలసిందే. పైగా చేసిన సరుకును తిరస్కరించే తనిఖీదారు చేతిలోనూ అదే సాధనం వుంటుంది. తన కొలత తన దగ్గర వున్న కార్మికుడే ఆ తీర్పును నిలదీయగలడు.

అందుకే రెండవ పేరుకు ప్రాముఖ్యం. వర్క్‌షాపు సామాను ఇత్తడి బిళ్ళ ఇచ్చి తెచ్చుకొని, సాయంత్రం తిరిగి అప్పగించేది. సొంతదానిపై కార్మికుడు తన పొడి అక్షరాలు పోగరతో కొట్టుకునేవాడు. మా మేనమామ మూలమట్టంపై ఆయన అక్షరాల పక్కనే, గీత గీసి కొట్టివేసిన మరొకరి అక్షరాలున్నాయి. ఆ వస్తువు వొక కార్మికుని నుంచి మరొక కార్మికునికి చేరిందన్నమాట.

ఇక ఏ ముద్రా లేని చిన్న బిగింపు పట్టు వొకటున్నది. దాని లోపలి అంచున ఆకురాయి గీతలు ఇంకా కనిపిస్తాయి. పని నేర్చుకునే రోజుల్లో కుర్రవాళ్ళచేత ఇటువంటివి చేయించేవారు. ఏ కంపెనీ జాబితాలోనూ ఇది దొరకదు. కాని షెఫీల్డులో ఆ మైక్రోమీటరును నిజంగా చేసిన చేతులెవరివో ఆ ఘనమైన ముద్ర మనకు చెప్పడంలేదు. ఈ పట్టును మా మేనమామే చేశాడని మా ఇంట్లో అందరికీ తెలుసు.

మన కార్మికోద్యమ చరిత్రలో సమ్మెలకూ సభలకూ చోటు దొరికింది. పనితనానికి ఇంకా దొరకవలసి వున్నది. ఇటువంటి పెట్టెలు మన ఇళ్ళలో ఎన్నో వుంటాయి. తుప్పు వదిలించే ఉత్సాహంలో గరుకు కాగితంతో రుద్దితే ముందుగా చెరిగేవి ఈ పొడి అక్షరాలే. నూనె గుడ్డతో తుడిచి, కంపెనీ పేరుతోపాటు వాటినీ రాసుకోవాలి. ఆ అక్షరాలు ఎవరివో చెప్పగల పాత టర్నర్లు, ఫిట్టర్లు జీవించి వుండగానే వెళ్ళి అడగాలి. విద్యార్థి మిత్రులు చేయదగిన పని ఇది.