అడుగుకు 4 మిల్లీమీటర్లు

ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్‌కు దక్షిణాన లాంగ్ విటెన్‌హమ్ అనే చిన్న పల్లె ఉంది. అక్కడి పెండన్ మ్యూజియం పేరు బొమ్మరైళ్ల పిచ్చి ఉన్నవాళ్లందరికీ తెలుసు. రైళ్లు ఉన్నాయి, గంట కొట్టినట్టు నడుస్తాయి కూడా. అయితే ఆ మ్యూజియం రైళ్ల కోసం పుట్టింది కాదు, ఇంటి కప్పుల కోసం పుట్టింది.

రాయ్ ఇంగ్లండ్ అనే కుర్రవాడు 1925లో ఆస్ట్రేలియా నుంచి ఓడెక్కి బ్రిటన్ వచ్చాడు. ఇంటిపేరే ఇంగ్లండ్, పుట్టింది మాత్రం 1906లో ప్రపంచానికి అవతలి కొసన. గ్రేట్ వెస్టర్న్ రైల్వే అంటే ప్రాణం. ఆ కంపెనీ ఇంజన్లు తయారయ్యేది స్విండన్‌లో. అక్కడికి దగ్గర్లోనే వేల్ ఆఫ్ వైట్ హార్స్ అనే లోయ. ఒక కొండవాలు మీద మట్టి తొలిచి సుద్దరాయి నింపి గీసిన తెల్లగుర్రం బొమ్మ వల్ల ఆ పేరు వచ్చింది. దాని వయసు దాదాపు 3,000 ఏళ్లు. లోయలో ఎక్కడి ఇల్లు అక్కడి నేలలోంచే లేచినట్టు ఉండేది. సుద్దరాయి దొరికేచోట సుద్దరాయి గోడ, బంకమన్ను ఉన్నచోట ఇటుక గోడ, పైన గోధుమ గడ్డి కప్పు. రైళ్లకోసం వచ్చిన కుర్రవాడు ఈ ఇళ్ల దగ్గర ఆగిపోయాడు.

ఆగిన సమయం చెడ్డది. మోటారు రోడ్లు పల్లెలకు వచ్చేశాయి. గడ్డి నేసే పనివాళ్లు తగ్గిపోతున్నారు. కొన్నేళ్లకోసారి కప్పు తిరగనేయించడం పేదవాడికి భారం. ఫ్యాక్టరీలో తయారైన ఆస్బెస్టాస్ పలకలు చవగ్గా దొరుకుతున్నాయి. రాయ్ కళ్ల ముందే గడ్డి కప్పులు దిగిపోయి, పలకలు ఎక్కాయి. ఇంటివాళ్లను తప్పు పట్టలేం. వాన కారే ఇంట్లో కూర్చుని అందాన్ని కాపాడమని ఎవరు ఎవరికి చెప్పగలరు? రాయ్ కూడా ఎవరికీ చెప్పలేదు. టేపు పట్టుకుని కొలవడం మొదలుపెట్టాడు. ఫొటోలు తీశాడు. కొలిచిన ఇంటిని అట్టతో అదే నిష్పత్తిలో చిన్నదిగా కట్టసాగాడు. కళ్ల ముందు పోతున్నదాన్ని ఆపలేనివాడు దాని కొలతలు రాసుకున్నాడన్నమాట.

ఆ నిష్పత్తి అడుగుకు 4 మిల్లీమీటర్లు. అంటే 76వ వంతు. వినడానికి చిన్న లెక్క, పట్టుకుంటే చెయ్యి తిరగదు. ఆరడుగుల మనిషి 24 మిల్లీమీటర్లు. 9 అంగుళాల ఇటుక 3 మిల్లీమీటర్లు, దాని మందం ఒక మిల్లీమీటరు. 20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న ఒకే ఒక్క గోడ మీద వెయ్యికి పైగా ఇటుకలు కనిపించాలి. రెండు ఇటుకల మధ్య సున్నపు గీత మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. ఆ గీతలన్నీ అట్ట మీద ఒక్కొక్కటిగా గీయాలి. ఆపైన నీటిరంగులతో ఇటుకకు ఇటుక తేడా తెలిసేలా అద్దాలి. కాలిన ఇటుకకూ సరిగా కాలని ఇటుకకూ రంగు ఒకటి కాదు కదా. కప్పుకు పనికొచ్చిన సరుకు మనకూ తెలిసినదే: పైపు మరలకు ప్లంబర్లు చుట్టే నార. దాన్ని దువ్వి, చిన్న చిన్న కట్టలుగా విడదీసి, చూరు నుంచి పైకి వరసలు వరసలుగా అతికిస్తారు. అసలు ఇంటి మీద గడ్డి నేసేవాడు పనిచేసే క్రమం కూడా ఇదే. ఇలా ఒక్క ఇంటికే వందల గంటలు పడుతుంది.

రాయ్ కంటే ముందు బొమ్మరైలు పక్కన ఇళ్లు లేవా అంటే, ఉన్నాయి. కాకపోతే అవి ఇళ్లలా ఉండేవి కావు. జర్మనీలోని మార్క్లిన్ కంపెనీ 1891లో లైప్‌జిగ్ సంతలో పట్టాల కొలతలను ఒక పద్ధతిలో పెట్టి అమ్మకానికి తెచ్చింది. ఆ తర్వాత మూడు దశాబ్దాల పాటు స్టేషన్లంటే రేకు స్టేషన్లే. తలుపులు, కిటికీలు, పోస్టర్లు అన్నీ రేకు మీద అచ్చు వేసిన బొమ్మలు. లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో తాళంచెవి తిప్పితే పరుగెత్తే రైలు అమ్మడం మొదలుపెట్టినప్పుడు కూడా కొన్న పిల్లలకు ఆ రేకు ప్లాట్‌ఫారమే స్వర్గం. కొలత అడిగినవాడు లేడు. సంక్రాంతి బొమ్మల కొలువులో ఇసుక పోసి, ఆవాలు మొలకెత్తించి, చేను పక్కన ఏనుగంత కోడిపుంజును నిలబెట్టినా ఎవరూ అభ్యంతరం చెప్పరు, ఇదీ అంతే.

1920లలో రైళ్లు బల్ల మీద పట్టేంత చిన్నవయ్యాయి. బ్రిటన్‌లో అప్పుడొక తిరకాసు వచ్చిపడింది. యూరప్ కొలత అడుగుకు మూడున్నర మిల్లీమీటర్లు. బ్రిటిష్ ఇంజన్లు అసలే చిన్నవి, ఆ కొలతలో చేస్తే మోటారు లోపల పట్టదు. అందుకని ఇంజన్ని 4 మిల్లీమీటర్ల లెక్కకు పెంచారు, పట్టాలను మాత్రం పాత 16.5 మిల్లీమీటర్ల వెడల్పులోనే ఉంచేశారు. లెక్క ప్రకారం ఉండాల్సింది 18.83. అప్పటి రాజీ ఈ రోజుకీ నడుస్తోంది. బ్రిటన్ దుకాణాల్లో అమ్మే రైళ్లలో ఎక్కువ భాగం ఉండాల్సినదానికంటే ఇరుకైన పట్టాల మీద తిరుగుతున్నాయి. ఇటుక ఇటుకా లెక్కపెట్టే పెండన్ వాళ్లకు ఇది మింగుడుపడక పట్టాల మధ్య 18 మిల్లీమీటర్లు పెట్టుకున్నారు. బయటివాళ్లకు ఇది చాదస్తంలా కనిపించవచ్చు. నాకైతే ముచ్చటేసింది.

ఇళ్లూ చెట్లూ లేకుండా రైలు ఎక్కడికి పోతుంది? ఈ ప్రశ్న వేసి, తన చేతులతోనే జవాబు చెప్పినవాడు జాన్ అహెర్న్. 1930ల చివర్లో ఆయన మాడర్ వ్యాలీ రైల్వే అనే ఊహా లైను కట్టాడు. మాడర్‌పోర్ట్ అనే రేవు, గామన్ మాగ్నా అనే ఊరు, మధ్యలో వాగు, మిల్లు, సందులు. అప్పటిదాకా రైలు కోసం చుట్టూ నాలుగు బొమ్మలు పెట్టేవారు. అహెర్న్ ముందు ఊరు కట్టి, అందులోంచి రైలును పోనిచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇళ్ల తయారీ మీదే ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశాడు. ఇంజన్ల గురించి పుస్తకాలు రాసేవాళ్లు చాలామందే ఉండేవారు గానీ గోడలు, చిమ్నీల గురించి పేజీలకు పేజీలు రాసినవాళ్లు అరుదు.

ఈ పనిలోని అసలు రహస్యం చేతివాటం కంటే చూపులోనే ఎక్కువుంది. 76వ వంతు ఇంటిని మనం రెండడుగుల దూరం నుంచి చూస్తున్నామంటే, అసలు ఇంటిని 150 అడుగుల అవతల నుంచి చూస్తున్నట్టు. అంత దూరంలో ఏ ఎరుపూ అంత ఎర్రగా ఉండదు, నలుపు నలుపుగా ఉండదు, గాలి అన్నిటినీ కాస్త వెలిసినట్టు చేస్తుంది. డబ్బాలోని రంగు ఉన్నది ఉన్నట్టు పూస్తే ఇల్లు బొమ్మలా మిగిలిపోతుంది. పునాది సంగతి ఇంకోటి. కట్టిన ఇంటిని నేల మీద ఊరికే పెడితే అడుగున సన్నటి నీడ గీత పడుతుంది, ఇల్లు గాల్లో తేలినట్టు తెలిసిపోతుంది. గోడను కాస్త కిందికి పొడిగించి మట్టిలోకి దించాలి, మొదట్లో గడ్డి మొలిపించాలి. ఆపైన వానచుక్క ఎక్కడ పడుతుందో ఆలోచించాలి. కిటికీ గడప కింద చార, చూరు కింద చిందిన బురద, చిమ్నీ చుట్టూ మసి. రైలు లైను పక్కనుండే గోడకైతే మసి ఇంకాస్త ఎక్కువ. ఇవి లేకుండా ఎంత సూటిగా కోసినా ఆ గోడ కిందటి వారం కట్టినట్టే ఉంటుంది.

ఈ మురికిని కళ చేసిన అమెరికన్ ఒకరున్నారు. కాలిఫోర్నియాలోని మాంటెరీలో జాన్ అలెన్, వృత్తి ఫొటోగ్రఫీ. ఇంటి కింది గదిలో నేల నుంచి పైకప్పు దాకా కొండలు లేపి, వాటి మధ్య గోరీ అండ్ డఫెటిడ్ అనే రైల్వే నడిపాడు. పాతబడిన చెక్క, తుప్పు పట్టిన రేకు, మసిబారిన ఇంజన్ షెడ్డు. వెలుతురు ఎలా పడితే ఏది నిజంగా కనిపిస్తుందో ఫొటోగ్రాఫర్‌కు తెలిసినంతగా వడ్రంగికి తెలియదు. చోటు చాలనిచోట అద్దాలు పెట్టి ఊరిని పొడిగించేవాడు. సరదా మనిషి కూడా. పెట్టెలను అటూ ఇటూ లాగే షంటింగ్ ఇంజన్ చేయాల్సిన పనికి ఒక డైనోసార్ బొమ్మను పెట్టాడు. 1973 జనవరిలో ఆయన చనిపోయారు. కొద్దిరోజులకే ఆ ఇంట్లో మంటలు లేచి మొత్తం రైల్వే కాలిపోయింది. ఆ ఊహా ప్రపంచానికి బయట ఎక్కడా మూలం లేదు, ఆయన ఫొటోలే మిగిలాయి. అలెన్ గొప్పవాడే, కానీ రాయ్ చేసిన పని వేరు. అలెన్ రైల్వేకు చేతిపని తప్ప బయట ఆధారం ఏమీ లేదు, పెండన్ గోడలకు మాత్రం బయట అసలు గోడ ఉంది, దానికి కొలత ఉంది.

కొలతకు ఉన్న బలానికి మంచి ఉదాహరణ రట్లండ్ జిల్లాలోని ఓకమ్ సిగ్నల్ కేబిన్. 1899లో లెవెల్ క్రాసింగ్ పక్కన కట్టిన మామూలు చెక్క కేబిన్. 1950లలో ఎయిర్‌ఫిక్స్ కంపెనీ ప్లాస్టిక్ ముక్కలు అతికించుకుని కట్టుకునే సిగ్నల్ కేబిన్ పెట్టెను అమ్మినప్పుడు నమూనాగా తీసుకున్నది దీన్నే. ఆ అచ్చులు తర్వాత డాపోల్ చేతికి వెళ్లాయి. తరతరాల పిల్లలు జిగురు పూసిన వేళ్లతో ఇదే కేబిన్ కట్టారు. ప్రభుత్వ రక్షణ జాబితాలోకి ఎక్కిన ఈ కేబిన్‌కు పేరు వచ్చింది బొమ్మ వల్లనే. బొమ్మ వల్ల అసలు కట్టడానికి గౌరవం దక్కడం అరుదు.

మన సంగతికి వస్తే, 2025లో సికింద్రాబాద్ స్టేషన్ పాత ముఖద్వారాన్ని కొత్త నిర్మాణం కోసం కూల్చినప్పుడు ఫోన్ల నిండా దాని ఫొటోలే తిరిగాయి. దాదాపు అన్నీ ఎదురుగా నిలబడి తీసినవే. ఫొటో ఒక ముఖం చూపిస్తుంది. ఇల్లు కట్టాలంటే, ఎంత చిన్నదైనా, నాలుగు వైపులూ కావాలి, వెనకాల మురుగు పైపు ఎక్కడ దిగుతుందో కూడా కావాలి. ఎవరూ ఫొటో తీయని ఆ వెనకవైపు దగ్గరే ఈ పనిచేసేవాడు ఎక్కువసేపు నిలబడతాడు.

1954లో లాంగ్ విటెన్‌హమ్‌లో త్రీ పాప్లర్స్ అనే పాత సారా దుకాణపు ఇంట్లో రాయ్ మ్యూజియానికి చోటు కుదిరింది. ఆయనకు తోడుగా వచ్చిన స్వచ్ఛంద పనివాళ్లలో గై విలియమ్స్ ఇంజన్లు చేశాడు. డెవన్‌లోని డార్ట్‌మూర్ బంజరుభూముల దృశ్యం ఒకటి లేచింది, అందులో గ్రేట్ వెస్టర్న్ ఇంజనీరు బ్రూనెల్ మార్కు చెక్క దూలాల వంతెన ఉంది. కార్న్‌వాల్‌లోని బ్రూనెల్ చెక్క వంతెనల్లో చివరిదాన్ని 1934లో మార్చేశారు. అహెర్న్ పోయాక మాడర్ వ్యాలీ కూడా ఇక్కడికే చేరింది. వేల్ లోయ దృశ్యం నడుమ పెండన్ పార్వా అనే ఊరు దశాబ్దాలుగా పెరుగుతూ వచ్చింది. ఆ ఊరు ఏ పటంలోనూ ఉండదు. ఇళ్లు మాత్రం 1920, 30లలో లోయలోని వేర్వేరు పల్లెల్లో నిజంగా ఉన్నవాటి నకళ్లు. రాయ్ 1995లో కన్నుమూశారు.

ఆయన భయం పూర్తిగా నిజం కాలేదు. యుద్ధం తర్వాత పాత ఇళ్లకు చట్టరక్షణ వచ్చింది, గడ్డి నేసే వృత్తి మళ్లీ ఊపిరి పోసుకుంది. ఈనాడు ఆ లోయలో గడ్డి కప్పు ఇల్లంటే హోదా. పోయింది ఆయన అంతగా పట్టించుకోనిది. పెండన్ పార్వాలో ఇంటి ముందు పూలమొక్కల పక్కనే కూరగాయల మళ్లు ఉంటాయి. పెరట్లో మరుగుదొడ్డి గూడు, కోళ్లు, దడి. గడ్డి కప్పును సరిగ్గా చూపించాలన్న పట్టుదల వల్ల, ఆ కప్పు కింద పొలం కూలీ కుటుంబం ఎలా బతికిందో కూడా అదే కొలతలో నమోదైంది. నిజం ఇంటి ముందు ఇప్పుడు ఆ మళ్లు కనిపించాలంటే కష్టం, అక్కడ కార్లు ఆగుతాయి. అప్పటి కూలీ మనవడు వచ్చి తాతగారి ఇల్లు కొంటానంటే, బ్యాంకు అప్పు పుట్టడం కూడా అనుమానమే.