రాజీవ్ రహదారి, వేగానికి రుజువు

తొగుట మండలం వేములఘాట్ వాసులకు పెద్ద రోడ్డు అంటే రాజీవ్ రహదారే. హైదరాబాద్ నుంచి ప్రజ్ఞాపూర్, కుకునూర్‌పల్లి, సిద్దిపేట, కరీంనగర్ మీదుగా రామగుండం వెళ్లే ఈ రాష్ట్ర రహదారి నాలుగు వరుసలైంది, ఊళ్లు మాత్రం దాన్ని ఆనుకునే ఉండిపోయాయి. అడ్డంగా దాటే ట్రాక్టర్లు, గొర్రెల మందలు, డివైడర్ సందులోంచి తిరిగే మోటార్ సైకిళ్లు ఒకవైపు, కరీంనగర్ చేరాలని తొందరపడే కార్లు మరోవైపు. 2018 మే నెలలో ప్రజ్ఞాపూర్ దాటాక రిమ్మనగూడ దగ్గర ఆర్టీసీ బస్సు, లారీ, ఇంకో వాహనం ఢీకొని పది మందికి పైగా చనిపోయారు.

వేగాన్ని అదుపు చేసే ప్రయత్నం కొత్తది కాదు. యంత్రంతో నడిచే బండి వేగానికి చట్టం హద్దు పెట్టడం బ్రిటన్‌లో మొదలైంది. 1865 నాటి చట్టం ప్రకారం ఊరి బయట గంటకు 4 మైళ్లు, ఊళ్లో 2 మైళ్లు; పైగా బండికి ముందు ఎర్రజెండా పట్టుకుని ఒక మనిషి నడవాలి. మనిషి నడకే అక్కడ హద్దు కాబట్టి కొలిచే పని లేదు. హద్దు పెరుగుతూ 1903లో 20 మైళ్లకు చేరడంతో చిక్కు వచ్చింది. పోలీసులు పొదల చాటున గడియారం పట్టుకుని, కొలిచిన దూరాన్ని బండి ఎంతసేపట్లో దాటిందో లెక్కగట్టేవారు. ఆ మాటుల సంగతి డ్రైవర్లకు ముందే చెప్పడానికి 1905లో ఏకంగా ఒక సంఘమే పుట్టింది. ఎదురొచ్చే బండికి హెడ్‌లైట్లు కొట్టి హెచ్చరించే మన అలవాటు దానికి తమ్ముడే.

భారతదేశంలో తొలి మోటారు వాహనాల చట్టం 1914లో, రెండోది 1939లో వచ్చాయి. నిజాం రాజ్యంలో 1932లో రైల్వే శాఖ 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. ఆ రాజ్యం భారత్‌లో విలీనమయ్యాక తెలంగాణ రోడ్లకు కూడా దేశమంతటి చట్టమే వర్తించింది. ఇప్పుడు అమల్లో ఉన్న 1988 చట్టం 1989 జూలై 1 నుంచి నడుస్తోంది. అందులో 112వ సెక్షన్ వేగానికి హద్దు పెడుతుంది, 183 శిక్ష చెబుతుంది. ఆ 183లోనే అసలు మెలిక ఉంది: యంత్రంతో కొలిచిన లెక్క లేకుండా, బండి వేగంగా పోయినట్టు తనకు అనిపించిందని ఒక్క సాక్షి చెబితే శిక్ష పడదు. కానిస్టేబుల్ కన్ను ఎంత అనుభవం గలదైనా చాలదన్నమాట. అందుకే కొలిచే పరికరం లేనంతకాలం వేగం మీద కేసు కట్టడం కష్టమైంది. ప్రమాదం జరిగాకే నిర్లక్ష్యపు డ్రైవింగ్ కింద కేసు నమోదయ్యేది.

ఈలోగా ఊళ్లు తమ దారి తాము చూసుకున్నాయి. పిల్లో మేకో బండి కింద పడిందంటే మర్నాటికల్లా రోడ్డుకు అడ్డంగా మట్టిదో సిమెంటుదో ఒక దిబ్బ లేచేది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. ఊరివాళ్ల దిబ్బ గడప అంత సన్నగా, నిటారుగా ఉంటుంది. నడుము విరిగినా, బండి ఆగుతుంది. సాక్షి కూడా అక్కర్లేదు.

లేజర్ గన్ రాకతో రుజువు చిక్కు తీరింది. అది సెకనులో కొద్ది వంతులోనే వందల కాంతి తునకలను బండి మీదికి వదిలి, అవి తిరిగొచ్చే సమయంలో తేడాను బట్టి వేగం తేలుస్తుంది. నంబర్ ప్లేటు, వేగం, తేదీ, సమయం ఒకే ఫొటోలో పడతాయి. 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు దాటుతుంది. చెట్టు నీడన నిలిపిన పోలీసు వాహనం డ్రైవరు కంటపడేసరికి ఫొటో ఎప్పుడో అయిపోయి ఉంటుంది. బండి ఆపరు, చలానా ఫోన్‌కు వస్తుంది.

జరిమానా 1988 చట్టంలో మొదటి తప్పుకు గరిష్ఠంగా 400 రూపాయలు. 2019 సవరణ తేలికపాటి వాహనాలకు దాన్ని 1,000 నుంచి 2,000 వరకు పెంచింది. తెలంగాణ ఆ పెంపును వెంటనే అమలు చేయలేదు. జనం నోట మాత్రం లేజర్ చలానా అంటే 1,035: వెయ్యి జరిమానా, 35 యూజర్ ఛార్జీ. కట్టనివి పేరుకుపోయి ప్రభుత్వం ద్విచక్ర వాహనాలకు 2022లో 75 శాతం, 2023 చివర్లో 80 శాతం రాయితీ ఇచ్చింది. దాంతో చలానా వచ్చిందంటే తరువాతి రాయితీ కోసం చూడటం కొందరికి మామూలైపోయింది. బస్సులు, లారీల విషయంలో కేంద్రం వేరే దారి పట్టింది: 2015 నిబంధన ప్రకారం వేగ నియంత్రణ పరికరం బండిని 80 కిలోమీటర్ల వేగం దగ్గర, స్కూలు బస్సులనూ ట్యాంకర్లనూ 60 దగ్గర ఆపాలి.

మొదట చెప్పుకున్న వేములఘాట్ వీధులు ఇప్పుడు మల్లన్నసాగర్ జలాశయం నీటి కింద ఉన్నాయి. 2016 జూలైలో దాని ముంపు గ్రామాల వాళ్లు రాజీవ్ రహదారిపై రాస్తారోకోకు బయల్దేరితే లాఠీచార్జి జరిగింది. ఆ తరువాత వాళ్లకు గజ్వేల్ పక్కన ముట్రాజ్‌పల్లిలో కాలనీ కట్టారు. రాజీవ్ రహదారి మీది ప్రజ్ఞాపూర్ కూడలి అక్కడికి దగ్గరే.