కొండమేకల సంఘంలో ఎవరికి చోటు?



మన ఆడవాళ్ళకి సంఘాలంటే కొత్తేమీ కాదు. మహిళామండలి ఉంది, భజన సమాజం ఉంది. మా నరసాపురం వైపు లేసు అల్లేవాళ్ళకి సంఘాలున్నాయి. చందా కట్టి రసీదు తీసుకోవడం, నెలకోసారి చాపలు పరుచుకుని కూర్చోవడం, కార్యదర్శి గారు కిందటి సమావేశం మినిట్సు చదువుతూంటే పక్కావిడతో గుసగుసలాడడం, ఇవన్నీ మనం ఎరిగినవే. కానీ కొండల మీద తిరిగే మేకల్నీ, జింకల్నీ కాపాడడానికని ఒక సంఘం పెట్టుకుని, దాన్ని నూట నలభై ఏళ్ళు దాటినా ఇంకా నడుపుతున్నారంటే కొంచెం వింతగానే ఉంటుంది. ఈవేళ ఆ సంఘం కథ చెప్పుకుందాం.

"సముద్రం ఒడ్డున ఉండే మనకి కొండమేకల గొడవ ఎందుకమ్మా?" అని మీరనవచ్చు. మనం ఇల్లు ఊడ్చే కొండచీపురు ఎక్కడిది? తలంటుకి కుంకుడుకాయలు, పులుసులోకి చింతపండు, విస్తళ్ళు కుట్టే అడ్డాకులు, వీటిలో ఎన్నో కొండల్లోని సంతలు దాటి మన వీధిలోకి వస్తున్నవే. మా ఊరి రేవులో వశిష్ఠ గోదావరి కూడా పాపికొండల సందులోంచి దిగి వచ్చినదే. కొండ బాగుంటేనే కింద మన వంటిల్లు బాగుంటుంది. అందుకని కొండ కథ మన కథ కూడాను.

తమిళనాడులో నీలగిరులున్నాయి కదా, మనలో చాలామంది ఊటీ చూసే ఉంటారు. ఆ కొండల్లో బాగా ఎత్తున, నిటారుగా ఉన్న రాతి చరియల మీద ఒక జాతి కొండమేక ఉంటుంది. తమిళులు దాన్ని వరైయాడు అంటారు. వరై అంటే కొండచరియ, ఆడు అంటే మేక. మనం కాలు పెట్టడానికి భయపడే చోట అది పిల్లతో సహా తీరుబడిగా గడ్డి మేస్తుంది. మన దక్షిణాదిలో పడమటి కనుమల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఆ జాతి అడవిలో కనబడదు.

1819లో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ ఆ కొండలెక్కాడు. తరువాత దొరలు ఒక్కరొక్కరే వచ్చి బంగళాలు కట్టుకున్నారు. కాఫీ, తేయాకు తోటలు వేశారు. క్రమంగా వేసవి వచ్చేసరికి మద్రాసు ప్రభుత్వం కాగితాల కట్టలతో సహా ఊటీకి తరలిపోవడం అలవాటయింది. అక్కడ దొరలకి పొద్దుపోయేదెలా? వేట. మగ కొండమేక వయసు మీరితే దాని వీపు మీద వెండి రంగు మచ్చ వస్తుంది. అలాంటి దాన్ని కొట్టి, కొమ్ములు గోడకి తగిలించుకోవడం గొప్పగా ఉండేది. పైగా గడ్డి కొండల మీద తోటలు లేచాయి. మేసే చోటు తగ్గింది, తుపాకులు పెరిగాయి. యాభై ఏళ్ళు తిరిగేసరికి కొట్టడానికి మేక కనబడడమే కష్టమయింది.

అప్పుడు కళ్ళు తెరిచి 1877లో ఒక సంఘం పెట్టారు. దాని పేరు నీలగిరి గేమ్ అసోసియేషన్. 'గేమ్' అంటే ఇక్కడ ఆట కాదు, వేటాడే జంతువులు. రెండేళ్ళు తిరక్కుండానే ప్రభుత్వం చేత ఒక చట్టం చేయించుకున్నారు. అదే 1879 నాటి నీలగిరి వేట జంతువుల, చేపల రక్షణ చట్టం. ఫలానా నెలల్లో వేటాడకూడదు, వేటకి లైసెన్సు ఉండాలి, తప్పితే జరిమానా కట్టాలి. బయటి నుంచి తెచ్చి ఆ కొండ ఏళ్ళలో వదిలే చేపలకి కూడా ఆ చట్టంలోనే రక్షణ పెట్టారు. గాలం వేసుకోవడం కూడా దొరలకి సరదాయే మరి!

ఇది మంచి పనే అని ఒప్పుకోవాలి. ఈనే రోజుల్లో జంతువుని వదిలెయ్యమన్న నియమం లేకపోతే ఆ కొండల్లో వరైయాడు ఆనాడే అంతరించేదేమో. కాకపోతే ఒక్కమాట అడగాలి. ఆ సంఘంలో సభ్యులెవరు? తుపాకీ, గుర్రం, బంగళా ఉన్న పెద్దమనుషులు. ఆ కొండల్లోనే పుట్టి పెరిగిన తోడవాళ్ళకి, కోతవాళ్ళకి, కురుంబవాళ్ళకి, బడగలకి ఏ నెలలో ఏ జంతువు ఎక్కడుంటుందో తెలుసు. కానీ వాళ్ళకి సంఘంలో చోటు లేదు. దొర తుపాకీతో కొడితే దాని పేరు క్రీడ. కొండవాడు తిండి కోసం ఉచ్చు వేస్తే దాని పేరు దొంగవేట. నియమం రాసినవాళ్ళు ఒకరు, దానికి లోబడవలసినవాళ్ళు మరొకరు. వింటూంటే మన ఇళ్ళల్లో సంగతే గుర్తొస్తుందంటారా? నేనూ కాదనను.

ఇప్పుడు మన గోదావరి వైపు చూడండి. ఆ రోజుల్లో నీలగిరులూ మద్రాసు రాజధానిలోవే, మన గోదావరి జిల్లా కూడా మద్రాసు రాజధానిలోదే. ఊటీలో దొరల వేటకి చట్టం వచ్చిన 1879వ సంవత్సరంలోనే, మార్చి నెలలో, మన రంప కొండల్లో తిరుగుబాటు లేచింది. కారణం ఏమిటనుకున్నారు? కొండవాళ్ళు తమ చెట్ల నుంచి తాము గీసుకునే కల్లు మీద పన్ను పెట్టారు. దాన్ని చిగురు పన్ను అనేవారు. దానికి తోడు ముఠాల మీద పెత్తనం చేసే మన్సబుదారు దోపిడి, షావుకార్ల అప్పులు, పోలీసుల జులుం. ఒకే ప్రభుత్వం, ఒకే సంవత్సరం. అక్కడ క్లబ్బు వారి అర్జీకి చట్టం పుట్టింది, ఇక్కడ కొండవాళ్ళ మొరకి సిపాయిలు వచ్చారు.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవులు రిజర్వు అయ్యాయి. పోడు కొట్టుకోవడం మీద, వంటచెరకు మీద, పశువుల మేత మీద ఆంక్షలు పెరిగాయి. ఆ బాధలోంచే 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన మన్యం మళ్ళీ లేచింది. ఆయన కొన్నాళ్ళు చదువుకున్నది మా నరసాపురం టేలర్ హైస్కూల్లోనే. ఆయన చరిత్ర మనం పిల్లలకి కథగా చెబుతాం, సినిమాగా చూస్తాం. దాని వెనక అడవి మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న ఉందని మాత్రం అంతగా చెప్పం.

సంఘాలన్నీ ఒకేలా నడిచాయనుకోకండి. నీలగిరులకి దక్షిణంగా, కేరళలో మూన్నారు ఉంది. అక్కడి తేయాకు తోటల దొరలు కూడా 1928లో ఇలాంటి వేట జంతువుల సంఘమే పెట్టుకున్నారు. ఎరవికుళం అనే గడ్డి మైదానాన్ని తమ వేటకోసం అట్టేపెట్టుకుని, అక్కడ తేయాకు వెయ్యకుండా వదిలేశారు. కాపలాకి ఆ కొండల్లో ఉండే ముదువర్లనే పెట్టుకున్నారు. సభ్యులుగా చేర్చుకోలేదు, కాపలాదారులుగా తీసుకున్నారు. అయినా ఆ మాత్రానికే ఎంత తేడా! ఏ చరియలో ఏ మంద ఉందో, ఎవరు దొంగతనంగా వస్తున్నారో ముదువర్లకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? 1975లో ఎరవికుళం అభయారణ్యం అయింది, 1978లో జాతీయ పార్కు అయింది. వరైయాడు మందలు ఈనాటికీ అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే చోటు అదే. గడ్డి చెడకపోవడం ఒక కారణం, కొండ తెలిసిన మనిషి కాపలా ఉండడం ఇంకో కారణం.

నీలగిరి సంఘం సంగతికొస్తాను. స్వాతంత్ర్యం వచ్చింది, దొరలు వెళ్ళిపోయారు. సంఘం మాత్రం మనవాళ్ళ చేతుల్లో నిలిచింది. కూనూరులో ఇ.ఆర్.సి. డేవిదార్ అనే వకీలు గారు ఉండేవారు. ఆయన సంఘానికి గౌరవ కార్యదర్శిగా పనిచేశారు. 1963లో నీలగిరుల్లో కొండమేకల్ని లెక్క పెట్టే పని తలకెత్తుకున్నారు. తేలినవి కొన్ని వందలే. 1975లో మిగిలిన కొండలు కూడా తిరిగితే, మొత్తం జాతి రెండు వేలకి కాస్త అటూ ఇటూ అని తేలింది. 1972లో కేంద్ర వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చి ఆ మేకని మొదటి పట్టికలో చేర్చింది. వేట లైసెన్సుల పని ముగిసింది. 'వేట' అన్న మాట పేరులోంచి పోయి, సంఘం నీలగిరి వన్యప్రాణి, పర్యావరణ సంఘం అయింది. కొమ్ములు లెక్కపెట్టుకున్న సంఘమే బతికున్న మేకల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. 2025లో తమిళనాడు, కేరళ కలిసి లెక్కిస్తే రెండు వేల ఆరువందల పైచిలుకు తేలాయి. ఓ పెద్ద పల్లెటూరి జనాభా అంత. జాతి మొత్తానికి అంతే!

కొండవాళ్ళ జ్ఞానం సంగతి మన రాష్ట్రంలోనే ఇంకో కథ చెబుతుంది. బొంబాయిలో 1883లో ఎనిమిది మంది కలిసి ప్రకృతి చరిత్ర సంఘం ఒకటి పెట్టారు. అందులో ఇద్దరు మన దేశపు డాక్టర్లు. ఆ సంఘం వారు మన తూర్పు కనుమల్లో ఒక పక్షి కోసం వెతికారు. అది కలివికోడి. 1900లో ఎవరో చూశారు, ఆ తరువాత శాస్త్రజ్ఞులెవరికీ కనబడలేదు. ఇక లేదనే అందరూ అనుకున్నారు. ఎనభై ఆరేళ్ళ తరువాత, 1986 జనవరిలో, కడప జిల్లా లంకమల కొండల దగ్గర అది మళ్ళీ దొరికింది. పట్టింది ఎవరనుకున్నారు? అక్కడి పల్లెలో వేట అలవాటున్న ఒక మనిషి, రాత్రిపూట టార్చిలైటు వెలుగులో. ఆ పక్షి చీకటి పడ్డాకే తిరుగుతుందని పుస్తకాలవాళ్ళకి తెలియలేదు. ఆ ఊరివాళ్ళకి దాని పేరే తెలుసు. బొంబాయి సంఘం చేసిన తెలివైన పని ఏమిటంటే, ఆ ఊరివాళ్ళ దగ్గరికెళ్ళి అడగడం. 1988లో అక్కడ శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం వెలిసింది. తరువాత తెలుగుగంగ కాలువ దారి కూడా ఆ పక్షి కోసం కొంత మార్చారు.

మన పాపికొండలు 1978లో అభయారణ్యమయ్యాయి, 2008లో జాతీయ పార్కు. వెయ్యి చదరపు కిలోమీటర్ల పైన ఉంటుంది. పులి, చిరుత, అడవిదున్న, కణుజు తిరిగే అడవి. ఆ చుట్టుపట్లే కొండరెడ్లు, కోయలు ఉంటారు. అడవి కాపలాలో వాళ్ళకి కూడా చోటుండాలన్న ఆలోచన ప్రభుత్వానికి 1992లో వచ్చింది. ఊరూరా వన సంరక్షణ సమితులు పెట్టించారు. ఆ సమితి నియమాల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. సభ్యత్వం ఇంటికి ఒకటి కాదు, రెండు. ఇంటి తరఫున ఒక మగవాడు, ఒక ఆడది. 'ఇంటి యజమాని సంతకం చాలు' అనలేదు. చింతపండు ఎప్పుడు రాల్తుందో, ఏ వాగు ఎప్పుడు ఎండుతుందో, కట్టెలకి ఎంత దూరం నడవాలో తెలిసినది ఆవిడకే కదా! నియమం కాగితం మీద ఉన్నంత మాత్రాన ప్రతి ఊళ్ళోనూ ఆవిడ మాట చెల్లిందని అనలేం. కొన్నిచోట్ల ఆవిడ వేలిముద్ర వేసి వంటకి వెళ్ళిపోయింది. అయినా 1877 నాటి ఊటీ సంఘంతో పోల్చి చూడండి. అక్కడ కొండవాడికే చోటు లేదు. ఇక్కడ కొండ ఇల్లాలికి కుర్చీ రాసిపెట్టి ఉంది. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం కూడా అలాగే భార్యాభర్తలిద్దరి పేరునా పట్టా ఇవ్వమంది.

ఇక మన సంగతి. ఇలాంటి సంఘాల్లో చేరడానికి ఇప్పుడు గుర్రం, తుపాకీ అక్కర్లేదు. బొంబాయి సంఘంలో చందా కట్టిన ఎవరైనా సభ్యులు కావచ్చు. చదువు ఎంత అని అడగరు. పిల్లలు పెద్దవాళ్ళయి మధ్యాహ్నాలు ఖాళీగా ఉన్నవాళ్ళు, బడిపిల్లల తల్లులు, ఎవరైనా సరే చేరండి. ఏడాదికి ఒక చీర తగ్గితే చందా వెళ్ళిపోతుంది.

అయితే చేరేముందు సంఘం వారిని రెండు మాటలు అడగండి. "మీరు కాపాడతామంటున్న కొండ మీద ఉండేవాళ్ళు మీలో ఎంతమంది సభ్యులు? వాళ్ళలో ఆడవాళ్ళు మాట్లాడడానికి లేస్తే మీరు వింటారా?" కూరగాయలు కొనేటప్పుడు గిల్లి చూస్తామే, అలాగ. జవాబు సరిగా వస్తే చందా కట్టండి. రాకపోయినా కట్టి, లోపలికి వెళ్ళి, ప్రతి సమావేశంలోనూ ఆ ప్రశ్నే మళ్ళీ అడగండి. మహిళామండలిలో లెక్కలు అడిగి అడిగి రాబట్టిన మనకి ఇది చేతకాని పని కాదు.