అంత్య సుబ్రహ్మణ్యుడి ఊర్లో ఆఖరి సీజన్ల ముచ్చట

ఈసారి రాత కొంచెం పొడుగు, రాత్రి ముద్ద తిన్నాక తీరిగ్గా చదవండి. కొన్ని కొరియా సీరియళ్ల ముగింపులు ఇందులో బయటపెడుతున్నాం. ఇంకా చూడనివాళ్లు మమ్మల్ని తిట్టుకోవద్దు.

మొన్న మీటింగులో జాత్ర లెక్కలు చూసుకోవాల్సింది పోయి, 'స్క్విడ్ గేమ్' మూడో సీజన్ మీద రెండు గంటలు కొట్లాడుకున్నాం. "హీరోను చంపి మనల్ని మోసం చేసినారు" అని సగంమంది. "అట్ల కాకుంటే కథకు విలువేముంది" అని మిగతా సగం. పెద్దాయన ఒకరు "మీకేం పనిల్యాదా" అని లేచిపోయారు. కానీ కథను ఎక్కడ ఆపాలి, ఆపే హక్కు ఎవరిది అన్న తగవు చాలా పాతది. దాని చరిత్ర కొంచెం రాద్దామనిపించింది.

మన ఊరి నుంచే మొదలుపెడదాం. కుక్కే ఆది సుబ్రహ్మణ్యం, ఘాటి మధ్య సుబ్రహ్మణ్యం, మన నాగలమడిక అంత్య సుబ్రహ్మణ్యం. మూడూ చూస్తేనే యాత్ర నిండినట్టు అంటారు పెద్దలు. అంటే మనకు 'అంత్యం' అంటే అయిపోవడం కాదు, నిండడం. ఈ కొలతను చేతిలో పెట్టుకుని కొరియాకు పోదాం.

అక్కడ పాత పద్ధతిలో సీజన్లే లేవు. వారానికి రెండు భాగాలు, 16 లేదా 20 భాగాల్లో కథ పూర్తి. ఒకపక్క ప్రసారం, మరోపక్క షూటింగు. జనం ఏమంటున్నారో చూసుకుంటూ రచయిత రాసేవాళ్లు. బాగా ఆడితే పొడిగించేవాళ్లు. 2003లో మొదలైన 'దే జాంగ్ గమ్' 50 భాగాలనుకున్నది 54 దాకా పోయింది.

1995లో వచ్చిన 'శాండ్‌గ్లాస్' 24 భాగాలది. 1980లో గ్వాంగ్జూలో సైన్యం జనాన్ని కాల్చిన సంగతిని ఇంటింటి టీవీలో చూపించిందది. అది వచ్చే వేళకు వీధులు ఖాళీ అయ్యేవని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆఖర్న ఏమవుతుంది? ఇద్దరు ప్రాణ స్నేహితుల్లో ఒకడు ప్రభుత్వ వకీలు, ఇంకొకడు ముద్దాయి. స్నేహితుడికి మరణశిక్ష అడగాల్సింది ఈ వకీలే. ఉరి ఆగదు. అయినా జనం దాన్ని నెత్తిన పెట్టుకున్నారు.

2004లో 'లవర్స్ ఇన్ పారిస్' అంతకంటే సంతోషమైన కథ. ఆఖరి భాగంలో 'ఇదంతా ఒకామె రాసుకున్న కథ' అన్నట్టు తిప్పేసరికి జనం మండిపడ్డారు. 2022లో 'రీబార్న్ రిచ్' కూడా అట్లనే, హీరో రెండో బతుకంతా కల మాదిరి తేల్చేసి మాటలు పడింది. చావును ఒప్పుకున్న జనం కలను ఒప్పుకోలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1987 జనవరిలో దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ 'రామాయణ్' మొదలైంది. 52 భాగాలనుకున్నది 78కి పోయి, 1988 జూలైలో పట్టాభిషేకంతో ఆగింది. అప్పుడు పంజాబులో జలంధర్ పారిశుద్ధ్య కార్మికులు చీపుర్లు కింద పెట్టి సమ్మె చేశారు. వాళ్లు వాల్మీకిని తమ మూలపురుషుడిగా కొలిచేవాళ్లు. ఆ మహర్షి స్వయంగా సీతమ్మకు ఆశ్రయమిచ్చి, లవకుశులను పెంచే భాగమే లేకుండా కథ అయిపోయిందంటే ఎట్లా అన్నారు. సమ్మె వేరే ఊళ్లకూ పాకింది. అదే ఏడాది అక్టోబరులో ఉత్తర రామాయణం మొదలైంది. ఆఖరి సీజన్ కోసం సమ్మె చేసి గెలిచినవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. వాళ్లడిగింది వినోదం కాదు. కథ చివర్లో తమవాడికి చోటు.

"ఏడుపు ముగింపు మనోళ్లకు పడదు" అని మీటింగులో ఒకరన్నారు. 1963లో వచ్చిన 'లవకుశ' ఏమైంది మరి? సీతమ్మ భూమిలోకి పోతుందని ముందే తెలిసీ జనం బండ్లు కట్టుకుని పోయి చూశారు. చిత్తూరు వైపు 18 రోజుల భారతం చూడండి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. చివరికి నేలమీద మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ, ఆ సాయంత్రం నిప్పులగుండం. భారతం అక్కడ అయిపోదు, స్వర్గారోహణం ఇంకా చాలా దూరం. కానీ ద్రౌపదమ్మ పట్టిన పంతం తీరింది. అందుకే అక్కడ ఆపుతారు. మాట తీరితే నిండినట్టు, తీరకపోతే ఎన్ని భాగాలు తీసినా వెలితే.

ఈ కొలతతో 'స్క్విడ్ గేమ్' చూద్దాం. 2021లో 9 భాగాలు, 2024 డిసెంబరులో 7, 2025 జూన్‌లో 6. మొదటి సీజన్ ఒక్కటే నిండు కుండ అని మాలో చాలామంది అభిప్రాయం. డబ్బు గెలిచి కూడా ఖర్చుపెట్టలేని మనిషి కథ అది. తర్వాతవి కుండ పొంగింది కాబట్టి పోసిన నీళ్లు. అయినా ఆఖర్న గి-హున్ ఆటలోనే పుట్టిన బిడ్డను బతికించి తాను పడిపోతాడే, అక్కడ మాట తీరింది. ఆటను ఆపుతానని వచ్చినవాడు ఆపలేకపోయాడు, మనిషిగా మాత్రం మిగిలాడు. దాని తర్వాత అమెరికాలో ఇంకొకామె అదే ఆట ఆడిస్తున్నట్టు చూపించడం మాకు నచ్చలేదు. అది ముగింపు కాదు, వచ్చే సంత ప్రకటన.

మమ్మల్ని ఎక్కువ కదిలించిన ముగింపు మాత్రం 'రిప్లై 1988'ది. ఒక వీధి, ఐదు ఇళ్లు. కూర గిన్నెలు ఇంటింటికీ తిరుగుతుంటాయి. ఎవరు ఎవరిని పెళ్లాడారన్న తగవు అందరికీ గుర్తుంది. కానీ అసలు ముగింపు అది కాదు. ఒక్కొక్క ఇల్లూ సామాన్లు సర్దుకుని పోతుంది, వీధి ఖాళీ అవుతుంది. ఎవరూ చెడ్డవాళ్లు కారు, ఎవరూ చావరు.

అది చూస్తున్నప్పుడు ఎవరి ఊరు గుర్తొచ్చింది మీకు? మన హోబళిలోనే తిరుమణి చుట్టుపక్కల 13,000 ఎకరాల్లో సోలార్ పలకలు పరుచుకున్నాయి. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల గుత్త ఇచ్చారు. భూమి ఉన్నవాళ్లకు వానలేని ఏళ్లలో అది ఆసరానే, కాదనం. ఆ చేన్లలో కూలి చేసినవాళ్ల ఆఖరి సీజన్ ఎవరు రాశారు? బెంగళూరు బస్సెక్కినవాళ్ల కథ ఎక్కడ ఆగింది?

అందుకే ఒక మాట. మనకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. కొరియా కథ తెలుగు మాటలతో వచ్చింది కాబట్టి మన అవ్వలు కూడా కూర్చుని చూశారు. వాళ్లకు తెలిసిన కథలు మాత్రం మనం సగంలో వదిలేశాం, "తర్వాత చెబుదువులే అవ్వా" అని. ఈ పండక్కి ఊరికి వచ్చినవాళ్లు ఒక పని చేయండి. ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఒక్క కథ చివరిదాకా చెప్పించుకుని ఫోన్లో రికార్డు చేయండి, సంఘం దాచిపెడుతుంది. తెలుగు అక్షరాలు రానివాళ్లకు ఈ రాత పక్కవాళ్లు చదివి వినిపించండి.

ఇక 'స్క్విడ్ గేమ్' తగవు తేలలేదు. కింద రాయండి. జాత్ర లెక్కలు మాత్రం వచ్చే మీటింగులో తేల్చాల్సిందే.